వరిచేనికి ఎరువు : ఎప్పుడు? ఎంత? ఎట్లు?

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో పెక్కురు రైతుబిడ్డలు. తక్కినవారి ఇండ్లలోను పొయ్యిమీద కెక్కునది వరి బియ్యమే. అత్తిలి నుండి ఏ దిక్కునకు బయలుదేరినను దారికి ఇరుప్రక్కల వరిచేలే కనబడును. ఇంత పరిచయమున్నను, వరిమొక్క ఏమి తిని పెరుగుచున్నది, ఏ వేళకు ఎంత తినును, మనము వేసిన ఎరువులో ఎంత దానికి ముట్టుచున్నది అని అడిగినచో చక్కగా బదులు చెప్పగలవారు కొలదిమందియే యుందురు.

ఇది తెలియకపోవుట చిన్న సంగతి కాదు. సేద్యపు ఖర్చులలో ఎరువుల ఖర్చు పెద్దది. అప్పు తెచ్చి కొన్న యూరియాలో సగమునకు పైగా పైరునకు అందకయే గాలిలోనికో నీటిలోనికో పోవుట పరిపాటి. పోయినది ఊరక పోవుటయు లేదు. మురుగు కాలువలను, చెరువులను, తుదకు కొల్లేటిని చెరచుచున్నది. కావున ఎరువు విషయమున రైతు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్నలు మూడు: ఎప్పుడు? ఎంత? ఎట్లు? మనవారు "ఎంత" అని మాత్రమే ఎక్కువగా అడుగుదురు. తక్కిన రెండు ప్రశ్నలును దానికంటె తక్కువైనవి కావని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన నేల

మన డెల్టా నేల గోదావరి వేల సంవత్సరములుగా తెచ్చి పరచిన ఒండ్రుమట్టి. ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యమున దవళేశ్వరము వద్ద 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా నేడు కాటన్ పేర బరాజు నిలిచియున్నది. కాలువలు వచ్చిన పిమ్మట వానకై ఆకాశమువంక చూచుచుండిన చేలకు నిలుకడగా నీరు దొరకెను. క్రమముగా సార్వా, దాళ్వా అను రెండు పంటలు పండించుట అలవాటయ్యెను.

పూర్వము పైరు తీసికొనునది తక్కువ. నేలకు తిరిగి చేరునది కొంత యుండెడిది. వరదనీటితో ఒండ్రు వచ్చెడిది. వేసవిలో గొఱ్ఱెల మందలను చేలలో కట్టించెడివారు. ఇంటి పశువుల పేడ, బూడిద, పెంటపోగులోని గత్తము బండ్లమీద చేలకు చేరెడివి. కానుగాకును దమ్ములో త్రొక్కించెడివారు. నేడు సంవత్సరమునకు రెండు పంటలు. ఒక్కొక్క పంటయు నాటి పంటకంటె మిక్కిలి బరువు. మన సమీపముననే యున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రము 1925లో స్థాపింపబడి ఎన్నో రకములను దేశమున కిచ్చెను. అందు 1982లో విడుదలయైన "స్వర్ణ", అనగా మన రైతులు అంకెతో పిలుచుకొను 7029, ఇతర రాష్ట్రములలో సహితము లక్షలాది ఎకరములలో నాటబడినది. ఇట్టి రకములు ఎక్కువ పండును; ఎక్కువ పండునది ఎక్కువ తినును.

దీనికి లెక్క కలదు. ఒక టన్ను ధాన్యము పండించుటకు వరిపైరు నేలనుండి సుమారు 15 మొదలు 20 కిలోల నత్రజనిని, ఇంచుమించు అంతే పొటాషియమును, 2 లేక 3 కిలోల భాస్వరమును తీసికొనును. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండినచో అది రెండుంబాతిక టన్నులు. అనగా ఒక్క పంటకే 34 మొదలు 45 కిలోల వరకు నత్రజని కావలెను. ఇదంతయు మనము బస్తాలతో కొని పోయవలెనని అర్థము కాదు. నేలలోని కుళ్లిన పదార్థమునుండియు, నీటిలో పెరుగు నాచులవలనను, మట్టిలోని సూక్ష్మజీవులవలనను పైరునకు సగమువరకు దొరకుట కలదు. కొరవడిన దానిని పూరించుటయే మన పని.

మడిగట్టు న్యాయము

మొక్క గాలినుండి బొగ్గుపులుసు వాయువును, నేలనుండి నీటిని తీసికొని, సూర్యరశ్మి సాయమున తన దేహమును నిర్మించుకొనును. ఇవిగాక నేలనుండి అది కొన్ని లవణములను పీల్చుకొనవలెను. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషియము ముఖ్యమైనవి. గంధకము, సున్నపుధాతువు మొదలగునవి తరువాతివి. జింకు, ఇనుము వంటివి చిటికెడు చాలును గాని ఆ చిటికెడును లేకున్న పని జరుగదు.

నత్రజనివలన ఆకు పచ్చనగును, పిలకలు వేయును. భాస్వరమువలన వేరు పాతుకొనును, పిలక త్వరగా లేచును, కాపు సకాలమునకు వచ్చును. పొటాషువలన కాడ గట్టిపడును, గింజ నిండును, తెగుళ్లను తట్టుకొను శక్తి వచ్చును.

జర్మనీ దేశమున కార్ల్ స్ప్రెంగెల్ 1828లో వెలిబుచ్చిన ఒక సూత్రమును యూస్టస్ ఫాన్ లీబిగ్ 1840 తరువాత లోకమున వ్యాపింపజేసెను. మొక్కకు కావలసిన వానిలో ఏది అన్నిటికంటె కొరవగా ఉన్నదో, పంట దానినిబట్టియే యుండును గాని సమృద్ధిగా ఉన్న వానినిబట్టి యుండదు అనునదే ఆ సూత్రము. మన పిల్లలకు దీనిని తెలుపుటకు మడిగట్టే చాలును. గట్టు మూడు ప్రక్కల మోకాటి ఎత్తుగా ఉండి నాలుగవ ప్రక్క జానెడే యున్నచో మడిలో ఎంత నీరు నిలుచును? జానెడే కదా. ఎత్తుగా ఉన్న గట్టుమీద ఇంకను మట్టి వేసి ప్రయోజనమేమి? జింకు కొరవడిన చేనిలో మరియొక బస్తా యూరియా చల్లుటయు, పొటాషు లేని చేనిలో భాస్వరము పెంచుటయు ఇట్టిదే. ఏ గట్టు పల్లముగా ఉన్నదో చూచుటకే భూసార పరీక్ష. 2015లో దేశమంతట భూసార పత్రముల పథకము ప్రారంభింపబడెను. ఇంటిలో అట్టి పత్రమున్నచో పిల్లలు దానిని పెట్టెలోనుండి తీసి తండ్రికి చదివి వినిపింపవలెను.

చేను తానే కొన్ని గుర్తులు చూపును. నత్రజని చాలనప్పుడు మొదట క్రింది ముదురాకులు కొననుండి పసుపుబారును. ఏలయన మొక్క పాత ఆకులోని నత్రజనిని తీసి క్రొత్త ఆకున కిచ్చుకొనును. గంధకము చాలనప్పుడు లేత ఆకులే ముందు పసుపగును. పొటాషు చాలనిచో ముదురాకుల కొనలును అంచులును ఎండినట్లగును. భాస్వరము చాలనిచో పైరు ముదురాకుపచ్చగా ఉండియు గిడసబారి పిలకలు వేయదు. ఊడ్చిన రెండు మొదలు నాలుగు వారములలో చేనిలో అక్కడక్కడ మొక్కలు గిడసబారి, లేత ఆకుల మొదట నడిమి ఈనె పాలిపోయి, ముదురాకులపై త్రుప్పురంగు మచ్చలు కనబడినచో అది జింకులోపము. ఉత్తరదేశమున పంత్‌నగరులో వై. ఎల్. నేనె అను శాస్త్రవేత్త, అక్కడివారు "ఖైరా" అని పిలుచు వరిరోగము జింకులోపము వలన వచ్చునదే యని 1966లో నిరూపించెను. ఎల్లప్పుడు నీరు నిలిచి, ఏటేట రెండు వరిపంటలు పండు నేలలలో, అందును చలితో మొదలగు దాళ్వాలో ఇది ఎక్కువ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదు దినముల కొకసారి రెండు మూడు పర్యాయములు పిచికారి చేసినచో పైరు తేరుకొనును. భాస్వరపు ఎరువుతో మాత్రము జింకు సల్ఫేటును కలిపి చల్లరాదు. రెండును ఒకదానినొకటి బంధించి పైరునకు అందకుండ చేయును.

యూరియా ఎక్కడికి పోవును?

యూరియా నీట సులభముగా కరగును. తెల్లని ఆ గుళికలో నూటికి 46 పాళ్లు నత్రజని. జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ 1909లో గాలిలోని నత్రజనిని జలవాయువుతో కలిపి అమ్మోనియాగా మార్చు మార్గమును చూపగా, కార్ల్ బాష్ 1913 నాటికి దానిని పెద్ద కర్మాగారమున నెలకొల్పెను. నేటి యూరియాకు అదియే మూలము. మన పొరుగున కాకినాడలో 1992లో యూరియా కర్మాగారము పని ప్రారంభించెను. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే యున్నను వరి దానిని నేరుగా తినలేదు. కావుననే ఇంత శ్రమ.

నిండు నీటిలో చల్లిన యూరియా రెండు మూడు దినములలో అమ్మోనియాగా మారును. పగటి ఎండలో మడినీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. అందువలన నీటికి క్షారగుణము హెచ్చును. క్షారము హెచ్చిన నీటినుండి అమ్మోనియా గాలిలోనికి లేచిపోవును. ఇది మొదటి దొంగ.

రెండవ దొంగ నేలలోనే యున్నాడు. నీరు నిలిచిన మడిలో మట్టిపై పలుచని పొర మాత్రమే ప్రాణవాయువును పొందును. దాని క్రింద ప్రాణవాయువు లేదు. పై పొరలో సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు క్రింది పొరకు దిగినప్పుడు వేరొక జాతి సూక్ష్మజీవులు దానిలోని ప్రాణవాయువును లాగుకొని నత్రజనిని తిరిగి వాయువుగా విడిచిపెట్టును. మడిని ఎండగట్టి తడిపి, మరల ఎండగట్టి తడుపుచున్నచో ఈ నష్టము ఇంకను హెచ్చును.

మూడవ దొంగ తెగిన గట్టు. యూరియా చల్లిన మరునాడు వానవచ్చి మడి పొర్లినచో కరగిన ఎరువు బోదెలోనికి, అక్కడినుండి మురుగు కాలువలోనికి పోవును.

ఈ మూడు విధములను కలిపి చూచినచో మాగాణి వరికి వేసిన నత్రజనిలో సాధారణముగా పైరునకు ముట్టునది నూటికి 30 మొదలు 40 పాళ్లే. దీనికి ప్రతిక్రియ కష్టమైనది కాదు. పై ఎరువు వేయుటకు ముందు మడిలోని నీరు తీసివేసి బురద పదునులో యూరియాను సమముగా చల్లి, ఒకటిన్నర లేక రెండు దినములైన తరువాత పలుచగా నీరు పెట్టవలెను. అప్పుడు ఎరువు నీటిలో తేలక మట్టిలో ఇంకును. ఇరువది అయిదు పాళ్ల మట్టిలో అయిదు పాళ్ల యూరియా, లేక ఒక పాలు వేపపిండికి అయిదు పాళ్ల యూరియా చొప్పున కలిపి, రెండు దినములుంచి చల్లుట ఎరుగుదురు గదా. వేప సూక్ష్మజీవుల పనిని నెమ్మదింపజేయును. ఈ గుణము నెరిగియే 2015 నుండి మన దేశమున తయారగు యూరియా నంతటిని వేపనూనె పూతతో నమ్మవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. ఆకుమీద మంచు తడి యున్నప్పుడు యూరియా చల్లరాదు; గుళికలు ఆకుల కంటుకొని మాడ్చును.

వేళలు

పసిబిడ్డకు పెట్టు తిండి, బడికి పోవు పిల్లవానికి పెట్టు తిండి, పొలములో పని చేయువానికి పెట్టు తిండి ఒకటి కాదు. పైరునకును అట్లే.

ఆకుమడిలో. ఎకరము ఊడ్పునకు సుమారు అయిదు సెంట్ల ఆకుమడి చాలును. ఈ అయిదు సెంట్లకు 2 కిలోల నత్రజని, ఒక్కొక్క కిలో భాస్వరము, పొటాషు సరిపోవును. నత్రజనిలో సగము విత్తునప్పుడును, తక్కిన సగము రెండు వారములకును వేయుదురు. ఆకు నల్లగా కనబడవలెనని ఇంకను వేసినచో మొలక మెత్తబడి తీతలో నలుగును.

దమ్ములో. భాస్వరము మట్టిలో కదలదు; వేరు దాని వద్దకు పోవలసినదే. కావున మొత్తము భాస్వరమును ఆఖరి దమ్ములోనే వేసి మట్టిలో కలుపవలెను. బరువైన నల్లమట్టి నేలలలో పొటాషునంతటిని అప్పుడే వేయవచ్చును. ఇసుకపాలెక్కువైన తేలిక నేలలలో సగము దమ్ములోను, సగము అంకురదశలోను వేయుట మేలు. నత్రజనిలో మాత్రము మూడవ వంతు చాలును. నాటిన మొక్క వేరు పట్టుటకే వారము దినములు కావలెను. అప్పటికి అది పెద్దగా తినలేదు.

పిలకల వేళ. ఊడ్చిన మూడు వారముల ప్రాంతమున మొక్క పిలకలు తొడుగును. రెండవ మూడవ వంతు నత్రజని అప్పుడు. ఈ వేళ దాటిన పిదప లేచిన పిలకలలో అనేకములు కంకి వేయక మేతకే పనికివచ్చును.

అంకురపు వేళ. కాడ లోపల కంకి మొలక కట్టు సమయమిది. బయటికి ఏమియు కనబడదు గాని ఆ కొలది దినములలోనే కంకికి ఎన్ని గింజలుండవలెనో నిర్ణయమగును. తుది మూడవ వంతు నత్రజని ఇక్కడ. ఈ వేళను లెక్కగట్టుట సులభము: అంకురము కట్టినది మొదలు ఈనుటకు సుమారు 35 దినములు, ఈనినది మొదలు పంటకు సుమారు 30 దినములు, వెరసి 65. నూటయేబది దినముల స్వర్ణలో విత్తిన 85వ దినము ప్రాంతమున, నూట ఇరువది దినముల రకములో 55వ దినము ప్రాంతమున అంకురము కట్టును. అన్ని రకములకును ఒకే తారీఖున పై ఎరువు వేయుట తప్పని దీనివలన తెలియుచున్నది. సందేహమున్నచో ఒక దుబ్బునుండి పెద్ద కాడను పెరికి, మొదటినుండి నిలువుగా చీల్చి చూడుడు. కణుపుపై ఆవగింజంత తెల్లని కుచ్చు కనబడినచో వేళ వచ్చినట్లే.

పొట్ట వచ్చిన తరువాత యూరియా చల్లుట దండుగ. చల్లని దేశములలో బంగాళాదుంప పండించువారును ఇట్టి కట్టుబాటునే పాటింతురు. దుంప ఊరు వేళకు ముందు నత్రజని కావలెను. ఊరుచున్న వేళ అది మితిమీరినచో తీగ ప్రబలునే గాని దుంప పెరుగదు, తీయుటకును ఆలస్యమగును. పైరు వేరైనను ధర్మమొక్కటే. ఆకు తిను కాలము వేరు, కాపు నిండు కాలము వేరు.

ఒక లెక్క

పై తరగతుల పిల్లలు ఈ లెక్కను పలకమీద చేసి చూడవలెను. ఒక ఎకరమునకు సార్వాలో 36 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాషు కావలెనని పరీక్షలో తేలినదనుకొందము. డి. ఏ. పి. అను ఎరువులో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము. ఒక 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము ఉండును. కావున ఆ ఒక్క బస్తాతో భాస్వరము తీరినది. మ్యూరియేట్ ఆఫ్ పొటాషులో నూటికి 60 పాళ్లు గనుక 27 కిలోలతో పొటాషు తీరినది. నత్రజనిలో 9 పోగా మిగిలినది 27 కిలోలు. దానికి కావలసిన యూరియా సుమారు 59 కిలోలు.

పంపకము చూడుడు. ఒక్కొక్క విడతకు 12 కిలోల నత్రజని. దమ్ములో 9 కిలోలు డి. ఏ. పి.లోనే యున్నవి, ఇక 3 కిలోలకు యూరియా ఆరున్నర కిలోలు. పిలకల వేళ 26 కిలోలు, అంకురపు వేళ 26 కిలోలు. అంతే. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలు. కావున ఎకరమునకు ఒక బస్తాయు, మరియొక బస్తాలో మూడవ వంతుకంటె తక్కువయు చాలును. "రెండు బస్తాలైన వేయకున్న చేను పచ్చబడునా?" అనువారు రెండు బస్తాలు వేసినచో చేనికి 14 కిలోలకు పైగా నత్రజని అధికమగును. అది ఊరక పోసిన 31 కిలోల యూరియా. అంకెలు నేలనుబట్టి, రకమునుబట్టి మారును. దాళ్వాలో ఎండ ఎక్కువ, తెగులు తక్కువ గనుక పైరు ఎక్కువ తినగలదు. ఏ అంకె మారినను లెక్క కట్టు పద్ధతి మాత్రము ఇదియే.

నల్లని చేను

మన ప్రాంతమున చేను నల్లగా కనబడుటయే గొప్ప యని ఒక భావము కలదు. ప్రక్కచేను తన చేనికంటె పచ్చగా ఉన్నచో రైతునకు నిద్ర పట్టదు. తక్కిన ఎరువులకంటె యూరియా చవుకగా దొరకుటయు దీనికి తోడ్పడుచున్నది. పొటాషు దాదాపు అంతయు విదేశములనుండి రావలసినదగుటచే ప్రియము. అందువలన దానిని తగ్గించుకొందురు.

మితిమీరిన నత్రజనితో ఆకు మెత్తబడును, వెడల్పగును. దుబ్బులు క్రమ్ముకొని లోపలికి గాలి, వెలుతురు చొరవు. అట్టి చేనినే అగ్గితెగులు, పాముపొడ, ఎండాకు తెగులు ముందుగా పట్టును. దుబ్బు మొదట సుడిదోమ చేరి మూలమునుండి రసము పీల్చి చేనిని గుండ్రముగా మాడ్చును. కాడ ఎత్తుగా, బలహీనముగా పెరిగి, కార్తికమాసపు తుపాను గాలికి నేలకొరుగును. ఒరిగిన కంకి నీట నాని మొలకెత్తును. చేనికి ఎక్కువ పెట్టిన యూరియా ఖర్చు ఒకటి, దానికై వచ్చిన తెగులునకు మందు ఖర్చు రెండు, పడిన చేనికి కోతకూలి మూడు. ప్రక్కవాని చేను నల్లగా ఉండుట చూచి అసూయపడనక్కరలేదు. కుప్పనూర్పిడి వరకు ఆగి చూడవలెను.

ఇంతటి కంటిచూపు పనికిరాదను వారికి ఆకురంగుల పట్టిక యని యొకటి కలదు. జపానులో పుట్టి, ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారిచే ప్రచారము పొందిన ఈ పట్టిక పసుపుపచ్చ మొదలు ముదురుపచ్చ వరకు రంగులు గల చిన్న బద్ద. పూర్తిగా విచ్చుకొన్న పై ఆకును, ఎండ పడకుండ మన నీడలో నుంచి, ఈ బద్దతో పోల్చవలెను. చేనిలో అక్కడక్కడ పది దుబ్బులు చూచి, సగమునకు పైగా నిర్ణయించిన రంగుకంటె వెలిసియున్నచో మాత్రమే నత్రజని వేయవలెను. ఖర్చు లేని పరీక్ష. పదియేండ్ల పిల్లవాడు చేయగలడు.

ఇంటి ఎరువులు

గత్తమును బస్తా ఎరువుతో పోల్చి తక్కువ చేయరాదు. మంచి గత్తములో నూటికి అరపాలు నత్రజనియే యుండును, అనగా టన్నుకు 5 కిలోలు. కాని అది నేలను గుల్ల చేయును, సూక్ష్మజీవులకు తిండి యగును, జింకువంటి చిటికెడు వస్తువులను కూడ ఇచ్చును. ఎండకు, వానకు విడిచిన పెంటపోగులో నత్రజని ఎగిరిపోవును. గోతిలో వేసి మట్టి కప్పినచో నిలుచును.

గడ్డి మాట ఒకటి చెప్పవలెను. పైరు తీసికొన్న పొటాషియములో అయిదింట నాలుగు పాళ్లు గింజలో గాక గడ్డిలోనే యుండును; నత్రజనిలోను సుమారు నూటికి 40 పాళ్లు గడ్డిలోనివే. యంత్రముతో కోసిన చేలలో మిగిలిన గడ్డిని తగులబెట్టినచో నత్రజని దాదాపు అంతయు పొగయైపోవును. గడ్డి పశువుల కెక్కి, పేడయై, ఆ పేడ చేనికి చేరినచో పొటాషు తిరిగి ఇల్లు చేరినట్లు. పిడకలైనచో కనీసము ఆ బూడిదనైనను చేనికి పంపవలెను.

జీలుగ, జనుము, పిల్లిపెసర అను పచ్చిరొట్ట పైరులు ఇంకొక నిధి. వీని వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని బంధించునని జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్తులు 1886లో నిరూపించిరి. జీలుగను విత్తి, పూత మొదలగు నలుబది అయిదు, ఏబది దినములకు దమ్ములో కలియదున్నినచో తరువాతి వరికి వేయవలసిన నత్రజనిలో నాలుగవ వంతు వరకు తగ్గించుకొనవచ్చును. అందుకు సార్వాకు ముందు నేలలో కొంత పదును దొరకవలెను. దొరకిన ఏటనైనను విడువరాదు.

కొల్లేటి మాట

చేనినుండి పోయిన ఎరువు ఎక్కడికి పోవునో తెలియవలెనన్నచో మురుగు కాలువ వెంట నడువవలెను. పడమటి డెల్టా మురుగు కాలువలలో అనేకములు కొల్లేటికో, కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేటికో చేరును. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ నున్న ఆ మంచినీటి సరస్సు వేలాది పక్షులకు ఇల్లు, ఎందరో బెస్తవారికి జీవనాధారము. 1999లో అది వన్యప్రాణి రక్షణ కేంద్రమయ్యెను; 2002లో రామ్‌సార్ ఒడంబడికలో చేరెను; 2006లో ప్రభుత్వము సరస్సులోని చేపలచెరువుల గట్లను అనేకము తెగగొట్టించెను.

నత్రజని, భాస్వరము వరిని పెంచినట్లే నీటిలోని నాచును, గుర్రపుడెక్కను కూడ పెంచును. అవి దట్టముగా క్రమ్మి, చచ్చి, కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును; చేపలు నోళ్లు తెరచి పైకి తేలును. ఈ పాపమంతయు వరిచేలదే యనుట న్యాయము కాదు. చేపలచెరువుల మేత, పట్టణముల మురుగు, కర్మాగారముల నీరు అన్నియు పాలుపంచుకొన్నవి. కాని మన వంతు మన చేతిలో నున్నది. బురద పదునులో చల్లిన యూరియా, గట్టిగా నిలిపిన గట్టు, లెక్క మీరని బస్తా, ఈ మూడును రైతు డబ్బును కాపాడుచునే కొల్లేటిని కూడ కాపాడును. తన లాభమును పొరుగువాని మేలును ఒకే పనిలో దొరకుట అరుదు. ఇది అట్టి పని.

పిల్లలు చేయదగినది

ఎరువు వేయుట పెద్దల పని. కనిపెట్టి వ్రాయుట పిల్లల పని కావచ్చును. ఇంటి చేను ఏ దినమున ఊడ్చిరో, ఏ ఎరువు ఎంత ఎప్పుడు వేసిరో, తరువాత వాన ఎప్పుడు కురిసెనో, ఎన్ని బస్తాలు పండెనో ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. తండ్రి సమ్మతించినచో పది సెంట్ల మడిలో లెక్క ప్రకారము వేసి, ప్రక్క మడిలో అలవాటు ప్రకారము వేసి, రెండింటి పంటను వేర్వేరుగా తూచుడు. రెండు పంటలు గడచునప్పటికి ఆ పుస్తకము మీ చేనినిగూర్చి పాఠ్యపుస్తకముకంటె ఎక్కువ చెప్పగలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు భూసార పత్రమును తెచ్చి చదివినప్పుడు, ఒక కాడను చీల్చి అంకురమును చూపినప్పుడు, "నీకేమి తెలియును" అని త్రోసివేయకుడు. చేను మీది, అనుభవము మీది. ఆ అనుభవమునకు తూకము, తారీఖు, లెక్క తోడైనచో అప్పు కొంత తగ్గును, నేల సారము నిలుచును. రేపు ఆ చేనిలో దిగు బిడ్డకు నేడు మీకు దొరకిన నేలకంటె మంచి నేల దొరకును.